వెలగని గడి

ఆసుపత్రి మేడ మీది సోలార్ ప్యానెళ్ళు కొన్నింటిని వ్యానులోంచి దింపుతుంటే, వదిన షెడ్డు గుమ్మంలో నిలబడి మరిది చేతులనే చూస్తోంది. ప్యానెల్‌ను అంచు పట్టుకుని ఎత్తుతున్నాడా, అద్దం మీద చెయ్యి వేస్తున్నాడా, గోడకు ఆనించేటప్పుడు మెల్లగా ఆనిస్తున్నాడా అని. అతను అంచే పట్టుకున్నాడు. పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా ఆనించాడు.

'నేను చూస్తున్నానని తెలుసుగా మరి' అనుకుంది వదిన.

షెడ్డులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ప్యానెళ్ళు బిగించే ఫిట్టరు ఈ మరిదే, అతనికి ఆమె సొంత అన్నభార్య. అతని నోట విని విని మిగతావాళ్ళకూ అదే అలవాటైంది. మేడల మీద బిగించడానికి వెళ్ళే ప్రతి ప్యానెల్‌నూ ముందు పరీక్షించి పంపడం ఆమె పని. ఆమె అనుమానం సంగతి అక్కడ ఎరగనివాళ్ళు లేరు. ఎవరైనా టీలో చక్కెర వేశానంటే చెంచా పెట్టి కలిపి చూసిగానీ తాగదు. తాళం వేశాక లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతుంది. "మా వదిన అద్దంలో చూసుకున్నా, ఎవరీవిడ అని ఆరా తీశాకే బొట్టు పెట్టుకుంటుంది" అని ఫిట్టరే నలుగురినీ నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ అనుమానమే పనిలో ఆమెకు పేరు తెచ్చింది.

ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. బిగించి నిండా రెండు నెలలు కాలేదు, కరెంటు పడిపోతోందని ఆసుపత్రి సూపరింటెండెంటు ఫోను చేసి కేకలేశాడు. కాన్పుల వార్డులో మందులుంచే ఫ్రిజ్జు ఆ ప్యానెళ్ళ మీదే నడుస్తుంది. యజమాని మొహం గంటు పెట్టుకుని షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంజనీరు మొదటి ప్యానెల్‌ను చీకటిగదిలోకి పట్టించాడు.

చీకటిగదికి కిటికీ లేదు. గోడలకు నల్లరంగు, తలుపుకు దళసరి తెర. మధ్యలో ఇనుప స్టాండు. ప్యానెల్‌ను అందులో నిలబెట్టి, వెనకనుంచి అడ్డపట్టీ ఆనించి, పట్టీకున్న మరను తిప్పి బిగించాలి. కొంచెం కదిలినా కెమెరాలో బొమ్మ చెదిరిపోతుంది. వదిన బిగించింది, తట్టి చూసింది, ఇంకో చుట్టు తిప్పింది. తీగలు తగిలించి, దీపం ఆర్పి, కరెంటు వదిలింది.

ఎండలో ప్యానెల్ చేసే పనిని ఆ గదిలో తిరగేసి చేయిస్తారు. ఎండ తగిలినప్పుడు సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లు ఆ వెలుగును మింగి, ఉన్నచోటునుంచి పై మెట్టుకు ఎగురుతాయి. ఎగిరినవాటిని తీగలోకి మళ్ళిస్తే అదే కరెంటు. గదిలో ఎండ ఉండదు కనుక బయటినుంచి కరెంటు పెట్టి ఎలక్ట్రాన్లను పై మెట్టుకు ఎక్కిస్తారు. అవి కిందికి దిగేటప్పుడు, కొన్నైనా, వెలుగును బయటికి వదులుతాయి. ఆ వెలుగు మనిషి కంటికి ఆనదు. కెమెరాకు ఆనుతుంది. ప్యానెల్‌లో ఒక్కో గడీ ఒక పలచని సిలికాన్ బిళ్ళ. బాగున్న గడి కంప్యూటరు తెర మీద బూడిదరంగులో మెరుస్తుంది. బిళ్ళ పగిలి కరెంటు అందనిచోట ఎలక్ట్రాన్లు ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. అక్కడ నలుపే.

తెర మీద బొమ్మ వచ్చింది. గళ్ళన్నీ మెరుస్తున్నాయి. నట్టనడుమ రెండు గళ్ళలో మాత్రం ఎండిన కొమ్మను సిరాలో ముంచి అద్దినట్టు నల్లటి చీలిక. కొమ్మకు రెమ్మలు, రెమ్మల మధ్య నల్లటి ముక్కలు.

రెండో ప్యానెల్‌లోనూ అంతే. మూడో దాంట్లోనూ అదే చోట.

"వెళ్ళేటప్పటి బొమ్మలు తీయండి" అన్నాడు ఇంజనీరు.

కంప్యూటరులో పాత బొమ్మలు పక్కన పెట్టి చూశారు. వెళ్ళినప్పుడు ఏ గడిలోనూ మచ్చ లేదు.

యజమాని తలుపు తెర పక్కకు లాగి లోపలికొచ్చాడు. "ఏమ్మా, నీ దగ్గర్నుంచి బాగానే వెళ్ళాయా?"

"బాగానే వెళ్ళాయి సార్. ఇవిగో."

"మరి మధ్యలో ముట్టుకుంది ఎవరు?"

జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఫిట్టరు గుమ్మం బయట తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మోసిందీ, ఎక్కించిందీ, బిగించిందీ అతనే. ప్యానెల్‌ను బోర్లా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కే అలవాటు ఒకప్పుడు అతనికి ఉండేది. బరువంతా నట్టనడుమ తల మీద ఆనుతుంది, బిళ్ళలు చిట్లుతాయి అని వదినే తిట్టి మాన్పించింది.

"నెత్తిన మోశావా?" అంది వదిన అందరి ముందూ.

అతను ఆమె మొహం చూసి, ఇంజనీరు మొహం చూశాడు. "ఒక్కటి మోశాను వదినా. చివరిది. తాడు తెగేలా ఉందని. మిగతావన్నీ గోడవారనుంచి తాడుతో లాగాం."

"ఒక్కటే మోస్తే ఇన్నింటికి ఒకేచోట ఎలా పగులుతుంది?"

"అది నాకేం తెలుసు?"

"మోసినవాడివి నువ్వు, తెలియాల్సింది ఎవరికి?"

ఒప్పుకోకపోయి ఉంటే యజమాని ఇంకా అడిగి ఉండేవాడేమో. ఒక్కటి ఒప్పుకోవడంతో మిగతావన్నీ అతని నెత్తికి చుట్టుకున్నాయి. "ఇంటికెళ్ళు. పిలిస్తే రా" అన్నాడు యజమాని. అతను తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, తన స్పానర్ల సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

* * *

అన్నదమ్ములిద్దరివీ ఒకే వాకిట్లో పక్కపక్క వాటాలు. ఆ సాయంత్రం వదిన ఇల్లు చేరేసరికి తోడికోడలు కుళాయి దగ్గర బిందె పట్టుకుంటోంది. రోజూ "వచ్చావా అక్కా" అనే మనిషి, తల ఎత్తలేదు. బిందె నిండి పొర్లుతున్నా అలాగే నీళ్ళు చూస్తూ కూర్చుంది.

"బిందె నిండింది" అంది వదిన.

"చూశాను. నాకూ కళ్ళున్నాయి" అంది తోడికోడలు.

అత్తగారు కోడళ్ళిద్దరి మధ్యా ఎటూ చెప్పలేక మూలుగుతూ పడుకుంది. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

"వాడు అబద్ధం చెప్పడు" అన్నాడు చివరికి.

"నేను చెప్పానంటారా?"

"అలా అన్నానా? నువ్వు చూసింది చూశావు, చెప్పావు. కానీ వాడు నెత్తిన మోయడం నువ్వు చూడలేదుగా. దాన్ని కూడా చూసినట్టే అడిగావట."

"బొమ్మలో కనబడుతోందండీ! వెళ్ళేముందు లేదు, వచ్చాక ఉంది. మధ్యలో మీ తమ్ముడు తప్ప ఎవరున్నారు?"

"ఏమో. నా బస్సు ఎక్కడైనా గీసుకుంటే డిపోలో ఇలాగే అడుగుతారు, మధ్యలో నువ్వు తప్ప ఎవరున్నారు అని." అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అలాగే ఉంది.

వదినకు ఒళ్ళు మండింది. ఇంట్లోవాడని వెనకేసుకొస్తే రేపు షెడ్డులో తన మాటకు విలువేముంటుంది? అంతలోనే ఇంకో అనుమానం పురుగులా తొలిచింది. ఈమధ్య మరిది సెలవు రోజుల్లో కూడా స్పానర్లు పట్టుకుని ఎక్కడికో పోతున్నాడు. వేరే కంపెనీకి పనిచేస్తున్నాడేమో. మన కంపెనీకి చెడ్డపేరు తెస్తే వాళ్ళకు లాభమేమో. ఆ ఊహ తనకే అసహ్యమనిపించింది. అయినా పోలేదు.

* * *

మర్నాడు మధ్యాహ్నం సెలవడిగి ఆసుపత్రికి వెళ్ళింది. అతనే చేశాడని తేలిపోతే మనసు కుదుటపడుతుందని ఆమె ఆశ. కాన్పుల వార్డు ఆయా, చేటంత మొహమున్న మనిషి, చీపురు పక్కన పెట్టి మేడ మెట్ల తాళం తీసింది. మెట్లు ఇరుకు. ప్యానెల్ తిరగాలంటే నిలువుగానైనా పట్టాలి, నెత్తినైనా ఎత్తాలి. వదిన ప్రతి మలుపు దగ్గరా ఆగి గోడ చూసింది. ఒక్కచోట అల్యూమినియం గీత ఉంది. ఒక్కటే.

"ప్యానెళ్ళు ఇటునుంచే తెచ్చారా?"

"లేదమ్మా. పిట్టగోడ మీదనుంచి తాడేసి లాగారు. నా దగ్గర పాత దుప్పట్లడిగి గోడ పొడుగునా పరిపించాడు ఆ ఫిట్టరబ్బాయి. నెలలు నిండిన గర్భిణిని కూడా ఇంత జాగ్రత్తగా ఎక్కించరు మావాళ్ళు" అని ఆయా పకపకా నవ్వింది. "మేం బట్టలారేసుకోవడానికి వస్తే ఆమడ దూరంలో ఉండమనేవాడు. వాటిమీద నా నీడ పడినా తిట్టేవాడు."

"మీకు అతను ముందే తెలుసా?"

ఆయా నవ్వు ఆగింది. "తెలిస్తే?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగినట్టు లేదమ్మా. మా కోడలి పుట్టింటి కప్పుకు రెండు ప్యానెళ్ళు బిగించి పెట్టాడు, సెలవు రోజున. కూలి కూడా తీసుకోలేదు. అందుకని నేను అబద్ధం చెబుతున్నానంటావా?"

సెలవు రోజుల సంగతి అదన్నమాట. వదినకు సిగ్గేసింది. అయినా మెట్లు దిగుతూ, కూలి తీసుకోకుండా చేయించుకున్న మనిషి అతని తప్పు కప్పిపుచ్చదా అని లెక్కేసింది. ఆయా తాళం వేసి, వదినకేసి చూస్తూనే, దాన్ని గట్టిగా లాగి చూసుకుంది.

* * *

ఆ మర్నాడు షెడ్డుకు కొత్త ఫిట్టరు వచ్చాడు. బదులుగా పంపాల్సిన ప్యానెళ్ళను వదిన ఒక్కొక్కటే పరీక్షిస్తోంది. చీకటిగది మూల ఒక ప్యానెల్ గోడకు చేరగిలబడి ఉంది. ఆసుపత్రికి పంపినవాటితోపాటే వచ్చింది అదీ. ఫ్రేముకు బోల్టు పట్టే చిల్లు వంకర పోవడంతో, పరీక్షించాక కూడా పంపకుండా ఆపేశారు. చిల్లు సరిచేయించి ఇప్పుడు పంపొచ్చు అన్నాడు ఇంజనీరు. ఒకసారి పరీక్షయిందే, మళ్ళీ ఎందుకన్నాడు కూడా.

"మళ్ళీ చూస్తే పోయేదేముంది సార్" అని స్టాండులో నిలబెట్టింది వదిన.

అడ్డపట్టీని ఊరికే ఆనించి, ఇంకా బిగించకముందే తీగలు సరిగ్గా తగిలాయో లేదో చూద్దామని కరెంటు వదిలింది.

తెర నడుమ నల్లటి కొమ్మ.

వెనక ఉన్న నంబరు చూసింది. అదే ప్యానెల్. పాత బొమ్మ తెరిచింది. మచ్చ లేదు. ఇది షెడ్డు గుమ్మం దాటలేదు. మరిది దీన్ని ముట్టుకోనే లేదు. గది తాళంచెవి తన కొంగుకే ఉంటుంది.

మొదట వచ్చిన ఆలోచన, ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది అని. యజమాని దగ్గరా? రాత్రి కాపలా ఉండే ముసలాయన దగ్గరా? మరిదిని ఇరికించాలని ఎవరైనా వచ్చి తొక్కారా? లేక మరిదే, తనమీదికి రాకుండా ఉండాలని... ఛ, అనుకుంది. ఇంత పగ ఎవరికుంటుంది, ఒక ఫిట్టరు మీద?

ముందు బొమ్మ సరిగ్గా తీద్దామని మరను తిప్పింది. బిగించింది, తట్టి చూసింది, ఇంకో చుట్టు తిప్పింది. తెరవైపు తిరిగింది.

కొమ్మ లేదు.

గళ్ళన్నీ మెరుస్తున్నాయి, నడుమవి కూడా. ఆమె కళ్ళు నులుముకుంది. చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళి మరను వదులు చేసింది. తెర మీద రెమ్మ తరవాత రెమ్మగా నలుపు పాకింది. బిగించింది. నలుపు వెలిగింది. వదిలింది. ఆరింది.

చీకట్లో ఆ మరను పట్టుకుని నిలబడింది. అనుమానించడానికి గదిలో ఇంకెవరూ లేరు.

పిలిస్తే ఇంజనీరు వచ్చాడు. ఆమె ఏమీ చెప్పకుండా అతని చెయ్యి మర మీద పెట్టి, "తిప్పండి" అంది. అతను తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. దీపం వేసి అడ్డపట్టీ తడిమి చూశాడు. నడుమ భాగం వేలితో నొక్కితే గట్టిగా ఉంది, దానికి అతికించిన మెత్తటి రబ్బరు నలిగి ఇనుముకు అంటుకుపోయింది.

"పగులు ఇక్కడే పుడుతోంది" అన్నాడు మెల్లగా. "బిగించి ఉన్నంతసేపూ పగిలిన అంచులు రెండూ ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి. కరెంటు దాటిపోతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కుతాయి, దిగుతాయి, వెలుగిస్తాయి. మనం బాగుందని రాసి పంపిస్తాం. తరవాత వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, అంచులు విడిపోతాయి. ఈ రేకుల షెడ్డు వేడి చాలు. మేడ మీద ఎండకైతే మరీ దూరమైపోయి, మళ్ళీ బిగించినా కలవవు, అందుకే ఆసుపత్రివి బిగించినా నల్లగానే కనబడ్డాయి."

"ఇంకో చుట్టు తిప్పేది నేనే సార్."

"స్టాండు గీసిచ్చింది నేను. పట్టీ నడుమ పెట్టమన్నదీ నేనే" అన్నాడు ఇంజనీరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

యజమాని అంతా విని, తలుపు చేరవేశాడు. "స్టాండు మార్పించండి, ఈ రోజే. మిగతాది బయటికి పొక్కనివ్వకండి. ఆసుపత్రికి ఫిట్టరు తప్పని చెప్పేశాను. ఇప్పుడు మన పరీక్షే తప్పంటే, ఈ రెండు నెలల్లో పంపినవన్నీ దించి చూపించమంటారు."

"దించాల్సిందే కదా సార్" అంది వదిన.

"నీ మరిదిని వారం పోయాక నేనే పిలుస్తానమ్మా. ఎవరూ ఏమీ అడగరు. నీకు మాత్రం ఎందుకు, నీ నోటితో నువ్వు చెప్పుకోవడం?"

ఆ దారి ఎంత సులువో వదినకు తెలిసింది. మరిది పనిలోకి వస్తాడు, తోడికోడలు మళ్ళీ అక్కా అంటుంది, తన పేరు తనకుంటుంది. ఫ్రిజ్జు మాత్రం పగిలిన గళ్ళ మీద నడుస్తుంటుంది. మరిది జీవితాంతం నెత్తిన మోసి పగలగొట్టినవాడుగానే ఉంటాడు, క్షమించి పిలిచినవాళ్ళు గొప్పవాళ్ళవుతారు.

"అందరి ముందూ అడిగాను సార్. అందరి ముందే చెప్పాలి, ఆసుపత్రిలో కూడా" అంది. "ఆసుపత్రికి నేనూ వెళతాను" అన్నాడు ఇంజనీరు. యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. కాదనలేదు, అవుననలేదు.

* * *

ఇంటికి వెళ్ళి మరిదిని వెంటబెట్టుకు రావడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. అతను వాకిట్లో బల్ల కోడు బాగుచేస్తున్నాడు. ఆమె అడుగుల చప్పుడుకు సుత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు, సంజాయిషీ చెప్పడానికి సిద్ధపడినవాడిలా.

"వదినా, నేనే చెబుదామనుకుంటున్నా. ఒక్కటే మోశానన్నానా... మూడు రోజులుగా ఆలోచిస్తున్నా. రెండేమో. మూడైనా అయ్యుండొచ్చు. గుర్తు రావడం లేదు. నువ్వు బొమ్మలో చూశావంటే, మరి మోసే ఉంటాను."

అబద్ధం చెప్పని మనిషి నోట వదిన తీసిన బొమ్మ అబద్ధం పలికిస్తోంది.

"ఒక్కటే మోశావు" అంది. "మెట్ల గోడ మీద గీత ఒక్కటే ఉంది. నేను చూసొచ్చాను. పద, నీకొకటి చూపించాలి."

చీకటిగదిలో అతని చేత మర తిప్పించింది. అతను తెర మీద వెలిగి ఆరే కొమ్మను కాసేపు పిల్లాడిలా చూశాడు. తరవాత అర్థమైంది. మర వదిలేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆమె ఏడుస్తుందేమోనని అటు చూడలేదు. ఆమె ఏడవలేదు.

"నేను పగలగొట్టి, నిన్ను అడిగాను" అంది.

అతను, "కోపంగానే ఉంది వదినా" అన్నాడు. "నువ్వు అడిగావని కాదు. అడిగి, జవాబు వినకముందే నమ్మనని తేల్చుకున్నావు చూడు. అదీ."

ఆమె తల ఊపింది.

బయట అందరినీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. కొత్త ఫిట్టరు, వ్యాను డ్రైవరు, ఆఖరికి యజమాని కూడా గుమ్మంలో నిలబడి విన్నారు. వ్యాను డ్రైవరు మూలనున్న స్పానర్ల సంచీ తెచ్చి ఫిట్టరు చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు చెప్పింది విన్నాడు, వదిన చెప్పింది విన్నాడు. వింటున్నకొద్దీ నొసలు ముడిపడింది.

"మొన్న ఫిట్టరన్నారు. ఈ రోజు స్టాండంటున్నారు. రేపు ఇంకేమంటారో? ఈ ఫిట్టరు మీ మరిదట కదా! ఇంట్లోవాణ్ణి తప్పించడానికి కట్టిన కథ కాదని నేనెలా నమ్మాలమ్మా?"

వదిన నోరు తెరిచింది. బొమ్మలు చూపించొచ్చు. తన బొమ్మలు నమ్మితేనే కదా ఇంత జరిగింది. ఇంజనీరుచేత చెప్పించొచ్చు. ఆయన కూడా ఇందులో భాగస్తుడే. ఎటు వెతికినా సాక్ష్యం దొరకలేదు. ఉన్న నిజాన్ని చేత్తో పట్టుకుని, ఎదుటివాడి మొహం వంక చూస్తూ నిలబడడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

తలుపు దగ్గరున్న ఫిట్టరు ఒక అడుగు ముందుకేశాడు.

"మీరు ఆవిణ్ణి నమ్మొచ్చు సార్" అన్నాడు. "తప్పించాలనుకుంటే మొదటి రోజే తప్పించేది. ఆవిడ అన్నదానివల్లే నా పని పోయింది. అయినా నేనే చెబుతున్నా."

సూపరింటెండెంటు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, వదినను కాక ఫిట్టరును పరీక్షగా చూశాడు. బల్ల సొరుగులోంచి మేడ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"మిగిలినవన్నీ ఈ రోజే దించండి. ఫ్రిజ్జుకు వేరే లైను ఇప్పిస్తాను."

మేడ మీద ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఫిట్టరు పిట్టగోడ మీద దుప్పట్లు పరిచి, మొదటి ప్యానెల్‌కు తాడు ముడి వేశాడు. ఒకసారి లాగి చూసి, తాడు కొస వదినకు అందించాడు.

"మెల్లగా వదులు" అన్నాడు.

ముడి సరిగ్గా పడిందో లేదో చూడాలని ఆమె మెడ అటు తిరగబోయింది. తిరగనివ్వకుండా, రెండు కాళ్ళూ నిలదొక్కుకుని, తాడును మెల్లగా వదలసాగింది.